ఎంత పవరున్న కారైనా... చలికాలంలో టైరే దిక్కు!

ఎంఎస్ పూర్తయింది. మిషిగన్‌లోనో ఇలినాయ్‌లోనో ఉద్యోగం వచ్చింది. ఆఫీసు దూరం, బస్సులు అంతంతమాత్రం. కారు కొనక తప్పదు. వెతుకుతుంటే సెకండ్‌హ్యాండ్‌లో ఓ మస్టాంగ్ జీటీ కనిపించింది. కాలేజీ రోజుల నుంచీ ఉన్న మోజు కదా, కొనేశారు. సెప్టెంబరు, అక్టోబరు నెలలు రాజాలా తిరిగారు. నవంబరు చివర్లో ఓ తెల్లవారుజామున ఆఫీసుకు బయల్దేరారు. మంచు పడలేదు, రోడ్డు పొడిగానే ఉంది. అయినా మొదటి మలుపులోనే కారు వెనక భాగం పక్కకు జారింది!

ఇలా జరిగితే ఇంజిన్‌ను అనుమానించకండి. ముందు టైరు పక్క గోడ మీద ఏం రాసుందో చూడండి. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి కంపెనీ బిగించి ఇచ్చేవి వేసవి టైర్లే. మన హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒకే టైరుతో ఏడాదంతా గడిచిపోతుంది కాబట్టి ఈ తేడా మనకు అలవాటు లేదు. వీసా, ఆఫర్ లెటర్ గురించి నెలల తరబడి ఆరా తీసే మీరు దీనికీ ఓ గంట కేటాయించండి. రోజూ మిమ్మల్ని ఆఫీసుకు చేర్చి, క్షేమంగా ఇంటికి తెచ్చేది ఇదే.

7 డిగ్రీల లెక్క

చలికాలంలో ఇంట్లో కొబ్బరినూనె సీసా చూసే ఉంటారు. ఉదయానికల్లా గడ్డకట్టి, ఎంత వంచినా చుక్క రాదు. టైరు రబ్బరులో జరిగేది అచ్చంగా అదే కాకపోయినా ఫలితం అలాగే ఉంటుంది. పాలిమర్ల పాఠంలో గ్లాస్ ట్రాన్సిషన్ టెంపరేచర్ అని చదివారు కదా, అదిక్కడ అక్కరకొస్తుంది. ఉష్ణోగ్రత ఆ స్థాయికి దగ్గరయ్యేకొద్దీ రబ్బరు సాగే గుణం పోయి గట్టిపడుతుంది. వేసవి టైరు మిశ్రమం వేడి రోడ్డు కోసం తయారైంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిందంటే దాని పట్టు సడలుతుంది. మైనస్ 7 ప్రాంతంలో కొన్ని రకాల టైర్లకు పగుళ్లు కూడా రావచ్చు. అందుకే గడ్డకట్టే చలిలో వాటితో కారు కదపవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు.

శీతాకాలపు టైరు మిశ్రమం ఇందుకు భిన్నం. ఎక్కువ సిలికాతో, చలిలోనూ మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. ట్రెడ్ మీద సన్నటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి. వీటిని సైప్స్ అంటారు. మంచును కరిచి పట్టుకునేది ఇవే. కాబట్టి టైర్లు మార్చడానికి మంచు పడేదాకా ఆగక్కర్లేదు. ఉదయం, రాత్రి వేళల్లో ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి రావడం మొదలైతే టైర్లు మార్చే సమయం వచ్చినట్టే.

మీ ఊరి చలి ఏ రకం?

శీతాకాలపు టైర్లన్నీ ఒకటి కావు. ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది పెర్ఫార్మెన్స్ వింటర్ టైరు. మిషెలిన్ పైలట్ ఆల్పిన్, వ్రెడెస్టీన్ వింట్రాక్ ప్రో లాంటివి ఈ కోవలోకి వస్తాయి. చలి, వాన ఉండి, ఎప్పటికప్పుడు మంచు తొలగించే హైవేల మీద వేగంగా వెళ్లేవారికి ఇవి నప్పుతాయి. స్టియరింగ్ తిప్పగానే స్పందించే స్పోర్ట్స్ కారు గుణం చాలావరకు నిలుస్తుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్ లాంటి చోట ఉద్యోగం వస్తే వీటిని చూడండి.

రెండోది మేకులు లేని ఐస్ టైరు. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ డబ్ల్యూఎస్, మిషెలిన్ ఎక్స్-ఐస్, నోకియన్ హక్కపెలిట్టా ఆర్ ఈ రకం. రోడ్డు మీద మంచు గట్టిపడి అద్దంలా మారే మినియాపొలిస్, మాంట్రియల్ లాంటి ఊళ్లకు ఇవే మేలు. అయితే పొడి రోడ్డు మీద మలుపుల్లో కాస్త మెత్తగా, ఊగినట్టుగా అనిపిస్తాయి. వేగ పరిమితి కూడా తక్కువే ఉండొచ్చు. టైరు మీద ‘టి’ అని ఉంటే 190, ‘హెచ్’ ఉంటే 210, ‘వి’ ఉంటే 240 కిలోమీటర్లు గరిష్ఠ వేగం.

డాలస్ లాంటి చోట ఉంటే? చాలామందికి మంచి ఆల్ సీజన్ టైరు సరిపోతుంది. వేసవి టైరుతో మాత్రం జనవరిని గడపాలనుకోకండి.

కొనేటప్పుడు ‘ఎం ప్లస్ ఎస్’ అక్షరాలు చూసి మోసపోవద్దు. అవి ట్రెడ్ ఆకృతిని బట్టి వేసేవి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడండి. మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకే ఆ గుర్తు దక్కుతుంది.

సన్నటి టైరే మేలు

స్పోర్ట్స్ కారుకు వెడల్పాటి టైరే అందమనుకుంటాం. మంచులో కథ మారుతుంది. వెడల్పాటి టైరు నీళ్లు కలిసిన మంచు మీద తేలిపోతుంది. సన్నటిది దాన్ని చీల్చుకుని కింది రోడ్డును అందుకుంటుంది. అలాగని ఏ సైజు పడితే అది కుదరదు. చక్రం మొత్తం వ్యాసం దాదాపు మారకూడదు.

ఓ ఉదాహరణ చూద్దాం. పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్న గత తరం మస్టాంగ్ జీటీలో ముందు టైరు 255/40 ఆర్19. అంటే వెడల్పు 255 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 102 మి.మీ. 19 అంగుళాల రిమ్ 482.6 మి.మీ. గోడ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండు సార్లు కలపాలి. మొత్తం 686.6 మి.మీ. ఇదే లెక్క 235/50 ఆర్18కు వేస్తే 692.2 మి.మీ. వస్తుంది. తేడా ఒక శాతం లోపే. వ్యాసం వరకు పర్వాలేదు. కానీ పెద్ద బ్రేకులున్న కారులో చిన్న రిమ్ బ్రేకు క్యాలిపర్‌కు తగలవచ్చు. డబ్బు కట్టే ముందే ఆ కారుకు రిమ్ సరిపోతుందో లేదో షాపులో రాయించుకోండి. లోడ్ ఇండెక్స్ కూడా కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు.

ఈ పొరపాట్లు వద్దు

- ‘వెనక చక్రాలకే పవర్ కదా, రెండు మారిస్తే చాలు’ అనుకోవద్దు. అప్పుడు ముందు చక్రాలకు పట్టుండదు, స్టియరింగ్ తిప్పినా కారు తిరగదు. ముందు రెండే మారిస్తే బ్రేకు వేసినప్పుడు వెనక భాగం తిరిగిపోతుంది. నాలుగూ ఒకే రకంవి వేయాలి.
- నాలుగు చక్రాలకూ పవర్ అందే కారైనా ధీమా పనికిరాదు. ఆ వ్యవస్థ కారు కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు.
- గాలి మరిచిపోవద్దు. ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీలు తగ్గితే ఒక పీఎస్ఐ దాకా తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర నింపిన 32 పీఎస్ఐ, మైనస్ 10కి వచ్చేసరికి 26 చిల్లరకు దిగుతుంది. ఇంటర్‌లో చదివిన వాయు నియమమే ఇది!
- పాత టైర్లు కొంటుంటే వయసు చూడండి. ‘డాట్’ కోడ్ చివరి నాలుగు అంకెలు 3523 అయితే 2023లో 35వ వారం తయారైనట్టు. ట్రెడ్ 4 మి.మీ. కంటే అరిగితే మంచులో నమ్మకండి.
- చట్టం తెలుసుకోండి. జర్మనీలో మంచు, ఐస్ ఉన్న రోడ్డు మీద శీతాకాలపు టైర్లు తప్పనిసరి. 2024 అక్టోబరు నుంచి కొండ గుర్తు ఉన్నవే చెల్లుతాయి. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు తప్పనిసరి.

ఇదే కెరియర్ అయితే?

ఈ లెక్కలు మీకు ఆసక్తిగా అనిపించాయా? అయితే టైర్ల రంగం వైపు చూడొచ్చు. ఇందుకు విదేశాలకే వెళ్లనక్కర్లేదు. తిరుపతి జిల్లా చిన్నపాండూరులో అపోలో టైర్స్, సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, అచ్యుతాపురంలో యోకొహామా కర్మాగారాలు ఉన్నాయి. పైన చెప్పిన వ్రెడెస్టీన్‌ను 2009లో కొన్నది మన అపోలోనే. మెకానికల్, కెమికల్, పాలిమర్ చదివినవారికి మిశ్రమం తయారీ, డిజైన్, టెస్టింగ్, నాణ్యత విభాగాల్లో పని ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పుర్‌లో రబ్బర్ టెక్నాలజీకి ప్రత్యేక కేంద్రమే ఉంది. గేట్ ‘ఎక్స్ఈ’ పేపరులో పాలిమర్ సైన్స్ ఒక విభాగం.

ఇంటర్వ్యూలో ‘వెనక చక్రాల పవర్ ఉన్న స్పోర్ట్స్ కారుకు చలికాలంలో ఏ టైరు సూచిస్తారు?’ అని అడిగితే బ్రాండ్ పేరుతో మొదలుపెట్టకండి. ‘ఏ ఊళ్లో? ఎంత చలిలో? మంచు తొలగించే రోడ్డా, కాదా?’ అని తిరిగి అడగండి. ఇంజినీరు ఆలోచించేది అలాగే.

రేపు మీరే కారు కొంటున్నా అవే ప్రశ్నలు వేసుకోండి. బేరం ఆడేటప్పుడే రెండో జత టైర్ల ఖర్చు కూడా కలిపి చూడండి. ఆ లెక్కకు బడ్జెట్ చాలకపోతే మస్టాంగ్‌ను మరో ఏడాది ఆపండి. మోజు ఎక్కడికీ పోదు, ముందు మీరు క్షేమంగా ఉండాలి.