పాత కారు బీమా

పాత కారు బీమా అనగా తయారై చాలా ఏళ్ళు గడిచి, బజారు విలువ బాగా తగ్గిపోయిన సొంత కారుకు యజమాని తీసుకొనే మోటారు వాహన బీమా. భారతదేశంలో దీనికి ప్రత్యేకమైన చట్టమేదీ లేదు. కొత్త కారుకు వర్తించే నియమాలే పాత కారుకూ వర్తిస్తాయి. అయితే కారు వయసు పెరిగే కొద్దీ అవే నియమాల వలన యజమానికి అందే సొమ్ము తగ్గుతూ వస్తుంది. అందువలన ఏ రక్షణ ఉంచుకోవాలి, దేనిని వదులుకోవచ్చు అన్న ప్రశ్న తలెత్తుతుంది.

తప్పనిసరి బీమా

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 146వ సెక్షను ప్రకారం బహిరంగ ప్రదేశంలో వాడే కారుకు థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. కారు వలన ఇతరులకు కలిగే మరణం, గాయాలు, ఆస్తి నష్టం దీని పరిధిలోకి వస్తాయి. "పాత కారే కదా" అని దీనిని మానుకొనేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. కారు విలువ ఇరవై వేలే కావచ్చు గాని, అది ఢీకొన్న మనిషి ప్రాణానికి ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారం లక్షలలో ఉంటుంది. మరణం, గాయాల విషయంలో బీమా సంస్థ బాధ్యతకు గరిష్ఠ పరిమితి లేదు. ఇతరుల ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల రూపాయల పరిమితి ఉన్నది. బీమా లేనిచో ఈ భారమంతా యజమానిపైనే పడుతుంది. 2019 నాటి సవరణ ప్రకారం బీమా లేకుండా తొలిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

ఈ ప్రీమియం కారు వయసును బట్టి కాక ఇంజను సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కార్లకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897 (పన్ను అదనం). 796 సీసీ గల మారుతి 800 మొదటి తరగతికి చెందుతుంది. దీనితో పాటు యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉండాలి.

సొంత నష్టపు బీమా

ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద మొదలైన వాటి వలన సొంత కారుకు కలిగే నష్టాన్ని భర్తీ చేసేది ఈ భాగం. థర్డ్ పార్టీ బీమాతో కలిపి తీసుకొంటే దానిని సమగ్ర బీమా అంటారు. ఇది యజమాని ఇష్టంపై ఆధారపడినది. కారు పూర్తిగా పోయినప్పుడు చెల్లించే సొమ్ముకు ఆధారం 'బీమా ప్రకటిత విలువ' (ఐడీవీ). నాలుగు నుండి ఐదేళ్ళ కారుకు కొత్త ధరలో 50 శాతం తరుగు తీసి దీనిని లెక్కిస్తారు. ఐదేళ్ళు దాటితే సంస్థ, యజమాని మాట్లాడుకొని నిర్ణయించుకొంటారు. ఇంటిల్లిపాదికీ అలవాటైన కారుకు యజమాని మనసులో ఉండే విలువ వేరు, బజారులో పలికే విలువ వేరు.

మరమ్మతులలోనూ తరుగు ఉంటుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి, టైర్లకు 50 శాతం తగ్గిస్తారు. లోహపు భాగాలకు ఐదు నుండి పదేళ్ళ వరకు 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం. అద్దాలకు తరుగు లేదు.

ఉదాహరణకు 60,000 రూపాయల ఐడీవీ గల పన్నెండేళ్ళ చిన్న కారు ప్రమాదానికి గురైనదనుకొందాం. బానెట్టు 12,000, బంపరు 4,000, ముందు అద్దం 5,000, కూలి 4,000, మొత్తం 25,000 రూపాయలు. బానెట్టు, బంపరులపై 8,000 తరుగు, తప్పనిసరి కోత 1,000 పోగా సంస్థ ఇచ్చేది 16,000. మిగిలిన 9,000 యజమానిదే. పైగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్ళు క్లెయిము లేనివారికి ఇది సొంత నష్టపు ప్రీమియంలో 50 శాతం. కనుక చిన్న దెబ్బలకు చాలామంది క్లెయిము చేయరు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం, అంటే ఇక్కడ 45,000, దాటితే కారును పూర్తి నష్టంగా లెక్కిస్తారు.

నిర్ణయించుకొనే తీరు

వయసు ఒక్కటే కొలమానం కాదు. సొంత నష్టపు ప్రీమియం ఎంతో విడిగా అడిగి తెలుసుకొని, ఐడీవీతో పోల్చుకోవాలి. పై కారుకు అది 2,000 అయితే పూర్తి నష్టంలో వచ్చే 60,000 కోసం కట్టడం సబబే. 6,000 అడిగితే ఆలోచించవలసినదే. ఆ కారు పోతే మరొకటి కొనుక్కొనే శక్తి ఉన్నవారు ఈ భాగాన్ని వదులుకోవచ్చు. కారే జీవనాధారమైన వారికి ఆ లెక్క వేరు.

కారు ఉండే చోటు కూడా ముఖ్యమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నంలో చెట్లు విరిగి కార్లపై పడ్డాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడలో కార్లు మునిగిపోయాయి. ఇటువంటి నష్టానికి థర్డ్ పార్టీ బీమా పైసా ఇవ్వదు. సమగ్ర బీమా ఉన్నా, నీటిలో మునిగిన ఇంజనును స్టార్టు చేసి పాడుచేసుకొంటే ఆ ఇంజను నష్టానికి సాధారణంగా పరిహారం రాదు.

పేరు మార్పిడి

పాత కార్లు ఎక్కువగా చేతులు మారినవే. కొన్నవారు 14 రోజులలోగా పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ రక్షణ చట్టరీత్యా కొత్త యజమానికి సంక్రమిస్తుంది గాని, సొంత నష్టపు రక్షణ అట్లు దానంతట అదే రాదు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు. అది అతని వెంటే పోతుంది. గడువు ముగిసిన పాలసీని 90 రోజులలోగా పునరుద్ధరించకపోతే ఆ బోనస్ కూడా రద్దవుతుంది.