వుజూ నీరు – ఇంటి పొదుపు

తినుటకు, త్రాగుటకు అనుమతినిస్తూనే దివ్య ఖుర్ఆన్ దుబారాను నిషేధించింది (అల్ ఆరాఫ్: 31). దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా మొదలు ఐదు ముద్‌ల నీటితో స్నానం చేసేవారని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). ముద్ అనగా ఒక దోసెడు. నాలుగు ముద్‌లు ఒక సా.

కుళాయి విప్పి ఉంచి వుజూ చేసినచో, అవయవాలను తాకకుండానే పోయే నీరే అధికం. కనుక చెంబుతో వుజూ చేద్దాం. బియ్యం కడిగిన నీటిని మొక్కలకు పోద్దాం. కారుతున్న కుళాయిని నేడే బాగు చేయిద్దాం. మనలను చూసియే పిల్లలు నేర్చుకుంటారు.

ఆరాధన నిమిత్తమే దుబారా తగనప్పుడు ఇతర పనులకు ఎలా తగును? వేసవిలో బిందెడు నీటికై వేచియుండే పొరుగువారికి మన నీటిలో హక్కు ఉన్నది. ప్రతి అనుగ్రహాన్ని గూర్చి ప్రశ్నింపబడే దినాన అల్లాహ్ మనలను కృతజ్ఞులలో చేర్చుగాక! ఆమీన్.