మాత్ర వేసుకుంటున్నా పక్షవాతమా?

“ఒక్కరోజు కూడా మాత్ర మానలేదు డాక్టరుగారూ! అయినా మా నాన్నగారికి పక్షవాతం ఎలా వచ్చింది?”

వార్డులో మంచం పక్కన నిలబడి ఒక అమ్మాయి నన్నడిగిన ప్రశ్న ఇది. ఆమె తండ్రి రిటైరయిన హెడ్మాస్టరు. గుండె లయ తప్పి కొట్టుకుంటోందని నాలుగేళ్ళుగా ఎసిట్రామ్ వాడుతున్నారు. ఇప్పుడు కుడిచెయ్యీ, కాలూ పడిపోయాయి. మాట రావడం లేదు.

నాడి గడియారంలా వరుసగా కొట్టుకోవాలి. కొందరికి ఒక దెబ్బ ముందు, ఒకటి వెనుక, ఏ వరుసా లేకుండా కొట్టుకుంటుంది. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం. గుండె పైగదులైన కర్ణికలు గట్టిగా ముడుచుకోక ఊరికే వణుకుతుంటాయి. ఎడమ కర్ణికలో సంచిలాంటి మూల ఒకటుంది. అక్కడ నిలిచిన రక్తం పాలు తోడుకున్నట్లు గడ్డకడుతుంది. ఆ గడ్డ పోయి మెదడు రక్తనాళంలో అడ్డుపడితే పక్షవాతం. ఈ జబ్బున్నవారికి ఆ ప్రమాదం సుమారు 5 రెట్లు. చిన్నతనంలో కీళ్ళవాత జ్వరం వచ్చి మైట్రల్ కవాటం సన్నబడినవారికి ఇంకా ఎక్కువ.

“రక్తం పలచబడే మందు” అని పేరుపెట్టి మేమే పొరపాటు చేశాం. రక్తం నీళ్ళలా పలచబడదు. గడ్డకట్టించే కొన్ని పదార్థాల తయారీకి లివరుకు విటమిన్ కె కావాలి. వార్ఫరిన్, ఎసిట్రామ్ దానికి అడ్డుపడతాయి, అంతే. సరిగా వాడితే పక్షవాతం ప్రమాదం మూడింట రెండు వంతులు తగ్గుతుంది. మిగిలిన ఒక వంతు సంగతి మేము చెప్పం, మీరు అడగరు! అందులో కొంత మన చేతుల్లో లేనిదే. బి.పి., షుగరు వల్ల మెదడు రక్తనాళాలే పాడైతే ఈ మాత్ర ఆపలేదు. కొంత మాత్రం మన చేతుల్లోనే ఉంది.

మందు పనిచేస్తున్నదీ లేనిదీ ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చెబుతుంది. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. ఈ మాత్ర వాడేవారికి సాధారణంగా 2–3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డల భయం, బాగా పెరిగితే రక్తస్రావం.

హెడ్మాస్టరుగారికి ఎంతో తెలుసా? 1.3. పరీక్ష చేయించి ఏడు నెలలయింది. ఈమధ్య షుగరు బయటపడితే అన్నం తగ్గించి రెండు పూటలా తోటకూర, పాలకూర తింటున్నారట. ఆకుకూరల్లో విటమిన్ కె దండిగా ఉంది. అలాగని మానెయ్యమనడం లేదు సుమా! వారానికి ఎంత తినే అలవాటో అంతే తినండి. హఠాత్తుగా పెంచినా, మానేసినా లెక్క తప్పుతుంది. మందులూ అంతే. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. విరేచనాలకు వేసుకునే మెట్రోనిడజోల్ పెంచుతుంది. ఒళ్ళునొప్పులకు మందులషాపులో అడిగి కొనే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో రక్తస్రావం తేగలవు. పన్ను పీకించుకోవాలని తమంతట తామే మాత్ర ఆపేవారు మరికొందరు. ఒక్క పన్నుకు చాలాసార్లు ఆపనవసరమే లేదు. ముందు మీ డాక్టర్ని అడగండి.

“పరీక్షలు అక్కర్లేని కొత్త మందులున్నాయట కదా?” ఉన్నాయి. డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్. చాలామందికి మంచివే. కాని ఒకటి రెండు పూటలు మరిస్తే రక్షణ పోతుంది. లోహపు కవాటం పెట్టినవారికి, మైట్రల్ కవాటం బాగా సన్నబడినవారికి పాతమందే వాడాలి. కీళ్ళవాతపు గుండెజబ్బు గలవారిపై 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరిశోధనలో రివరాక్సబాన్ వాడినవారికంటే పాతమందు వాడినవారిలోనే మరణాలు తక్కువ.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వకండి. గడ్డ అడ్డుపడిందో, రక్తనాళం చిట్లిందో స్కాన్ తీస్తేగాని మాకే తెలియదు. స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్ళి, మాత్ర పేరూ, చివరిసారి వేసుకున్న వేళా ముందే చెప్పండి. గడ్డ కరిగించే ఇంజక్షనుకు గడువు నాలుగున్నర గంటలు. ఐ.ఎన్.ఆర్. 1.7 దాటనివారికి అది ఇవ్వవచ్చు. హెడ్మాస్టరుగారి అంకె అందుకు సరిపోయేదే. ఉదయం ఎనిమిదింటికి కాఫీ తాగుతూ ఆయన పడిపోతే, ముందు పక్కఊరికి పసరుమందు కోసం తీసుకెళ్ళారు. మా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

ఇప్పుడాయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నారు. నెలనెలా ఐ.ఎన్.ఆర్. అంకెను ఆ అమ్మాయే గోడ కాలెండరు మీద రాసిపెడుతోంది. పోయిన నెల 2.4.