ఆయుర్వేదం: ధర చెప్పని సంగతులు

చరక సంహిత సూత్రస్థానంలోని ఇరవై తొమ్మిదో అధ్యాయం వైద్యులను రెండు తెగలుగా విడదీస్తుంది: ప్రాణాన్ని నిలిపి రోగాన్ని తరిమేవారు ప్రాణాభిసరులు, రోగాన్ని పెంచి ప్రాణం తీసేవారు రోగాభిసరులు. ఈ రెండో తెగవారు వైద్యుల వేషంలో వీధుల వెంట తిరుగుతారని, ఎవరికైనా జబ్బు చేసిందని వినగానే అక్కడికి చేరి తమ గొప్పలు చెప్పుకుంటారని, అప్పటికే చికిత్స చేస్తున్న వైద్యుడి తప్పులు పదేపదే ఎత్తిచూపుతారని, తమకు పెద్దగా ఆశ లేదని చాటుకుంటారని, రోగం కుదరకపోతే రోగికి నిగ్రహం లేదని, పరిచారకులు సరిగా లేరని నెపం వేస్తారని ఆ గ్రంథం వర్ణిస్తుంది. స్వల్పానికే సంతోషిస్తానని చెప్పుకోవడాన్ని సైతం మోసగాడి లక్షణాల్లో చేర్చడం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. ధర ఎక్కువైనా తక్కువైనా అది యోగ్యతకు సాక్ష్యం కాదన్న ఎరుక ఈనాటి రోగికి కూడా అంతే అవసరం.

ఆయుర్వేద చికిత్సకు చట్టం గుర్తించిన ప్రాథమిక అర్హత బి.ఏ.ఎం.ఎస్. పట్టా, ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఇది అయిదున్నరేళ్ల చదువు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే కళాశాల మొదలుకొని దేశంలోని ఆయుర్వేద కళాశాలలన్నిటి ప్రమాణాలను 2020 చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ కమిషన్ నిర్ణయిస్తోంది. వైద్యుడి నమోదు సంఖ్య అడగడం అవమానం కాదు, రోగి హక్కు. వంశపారంపర్యంగా మందులిచ్చేవారిలో మూలికను ఆకు చూసి, వాసన చూసి గుర్తుపట్టగల నేర్పరులు ఉండవచ్చు గాని, చికిత్స వికటించినప్పుడు సంజాయిషీ అడిగే మండలి ఏదీ వారిపైన ఉండదు. నమోదు కూడా వైద్యుడి చదువుకు పూచీ పడుతుందే తప్ప, అతడు రాసే ప్రతి మందుకూ పూచీ పడదు.

మందుల విషయంలో అపోహ ఇంకా ఎక్కువ. 1940 నాటి ఔషధ చట్టం ఆయుర్వేద మందులను రెండు రకాలుగా చూస్తుంది. చట్టం మొదటి షెడ్యూలులో పేర్కొన్న ప్రామాణిక గ్రంథాల్లోని యోగాన్ని, అంటే ద్రవ్యాల పాళ్లను, ఉన్నదున్నట్టు అనుసరించి తయారుచేసేవి శాస్త్రోక్త ఔషధాలు. తెలుగునాట పుట్టిన బసవరాజీయానికి కూడా ఆ జాబితాలో చోటుంది. ఆ గ్రంథాల్లోని ద్రవ్యాలనే సొంత పాళ్లలో కలిపి, సొంత పేరుతో కంపెనీలు అమ్మేవి రెండో రకం. మొదటి రకానికి గ్రంథ ప్రమాణమే ఆధారంగా సరిపోతుంది, కొత్త ప్రయోగ పరీక్షలు అక్కర్లేదు; రెండో రకానికి ప్రచురిత ఆధారమో, చిన్నపాటి పరిశీలన ఫలితమో చూపితే చాలు. కాబట్టి సీసాపై ఉన్న లైసెన్సు సంఖ్య తయారీకి దొరికిన అనుమతి మాత్రమే గాని, ఆ రోగం నయమవుతుందని ప్రభుత్వం ఇచ్చిన హామీ కాదు.

ఇక ద్రవ్యశుద్ధి. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఒకటో అంతకంటే ఎక్కువో కనిపించాయని 2004లో ఒక వైద్య పత్రిక ప్రకటించింది. లోహాలను శుద్ధిచేసి, పుటం పెట్టి భస్మంగా మార్చి వాడే రసశాస్త్రం వేరు, మూలికల పొడిలోకి లోహం కల్తీగా చేరడం వేరు. అయితే పరీక్ష లేనిదే ఆ తేడా కొనేవారికి తెలిసే మార్గం లేదు. కేవలం మూలికలతో చేసి ఎగుమతి చేసే మందులకు 2006 జనవరి 1 నుంచి భారత ప్రభుత్వం లోహ పరీక్షను తప్పనిసరి చేసింది. మూలికల గుర్తింపులోనూ ఇదే చిక్కు: స్త్రీల వ్యాధులకు వాడే అసలైన అశోక పట్టకు బదులు, ఇళ్ల ముందు నిటారుగా పెంచే, జనం అశోకగానే పిలిచే వేరే చెట్టు పట్ట బజారులో కలుస్తుంది.

ధరల విషయానికి వస్తే, 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ఆయుర్వేద మందులకు వర్తించదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పొడుల త్రిఫలాన్ని చూర్ణంగా కొంటే ఒక ధర, ఆకర్షణీయమైన డబ్బాలో గొట్టం మాత్రలుగా కొంటే అనేక రెట్ల ధర. వసంత కుసుమాకరం వంటి రసౌషధాల్లో బంగారం చేరుతుంది కనుక వాటి ఖరీదుకు కారణం ఉంది. పాతిక మూలికల మిశ్రమానికి ముద్రించిన పెద్ద అంకెకు కారణం ఏమిటో వైద్యుడో, దుకాణదారో వివరించగలగాలి.

ఉచితానిదీ ఇదే కథ. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే వ్యక్తి కోవిడ్‌కని ఉచితంగా పంచిన మందుల కోసం జనం పోటెత్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి చుక్కలను ఆపి, వాటిలో కొన్ని ఇతర మందులకు అనుమతిస్తూనే, అవి కోవిడ్‌ను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని చెప్పింది. డబ్బు తీసుకోకపోవడం దాతృత్వానికి నిదర్శనం; గుణానికి నిదర్శనం పరీక్షలోనే దొరుకుతుంది.

మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 చట్టం నిషేధించినా అలాంటి మాటలు ఆగలేదు. వాటిని నమ్మి ఇన్సులిన్ మానేసిన రోగి చెల్లించే మూల్యం ఏ రసీదులోనూ కనిపించదు. ఆయుర్వేద మందుల దుష్ప్రభావాలను నమోదుచేసే జాతీయ వ్యవస్థ ఇప్పుడు పనిచేస్తోంది కనుక, కామెర్లో, దద్దుర్లో కనిపించినప్పుడు మందు డబ్బా, బ్యాచ్ సంఖ్య, రసీదు వెంట తీసుకెళ్తే కారణాన్ని వెతకడానికి ఒక దారి ఉంటుంది. కాగితంలో కట్టి ఇచ్చిన పేరులేని పొడి విషయంలో వైద్యుడికి ఆ దారి కూడా మూసుకుపోతుంది.