విదేశయాత్రలో క్రెడిట్ కార్డు

దూరప్రాంతాలకు వెళ్లే వర్తకులు ధనపు మూటలు వెంట మోయకుండా హుండీలతో వ్యవహారం నడపడం మన దేశంలో శతాబ్దాల నాటి ఆచారం. ఒక పట్టణంలోని షావుకారు వ్రాసిన చీటీని మరొక పట్టణంలోని షావుకారు మన్నించి సొమ్ము చెల్లించేవాడు. నేటి క్రెడిట్ కార్డుకు కూడా అటువంటి పరస్పర విశ్వాసమే ఆధారం. మన బ్యాంకులు 1980 ప్రాంతంలో ఈ కార్డులను ప్రవేశపెట్టాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే ఈ రంగంలో అడుగుపెట్టింది. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

లండనులో చదువుతున్న మన విద్యార్థి ఒక దుకాణంలో పుస్తకాలు కొన్నాడనుకుందాం. దుకాణదారునికి అతని బ్యాంకు పౌండ్లలో చెల్లిస్తుంది. వీసా, మాస్టర్ కార్డు వంటి సంస్థలు ఆ మొత్తాన్ని రూపాయలలోకి మార్చి మన బ్యాంకుకు లెక్క పంపుతాయి. మన బ్యాంకు దానిపై విదేశీ మారక రుసుము చేర్చుతుంది. రుసుము మూడున్నర శాతమైతే, 10,000 రూపాయల కొనుగోలుపై 350 రూపాయలు. దానిపై 18 శాతం పన్ను 63 రూపాయలు. వెరసి 413 రూపాయలు అదనపు భారం.

కొన్ని దుకాణాలలో "రూపాయలలో చెల్లిస్తారా, పౌండ్లలోనా?" అని అడుగుతారు. రూపాయలు అనగానే లెక్క సులభమైనట్లు తోస్తుంది. కాని అక్కడి మారకపు రేటులో వారి లాభం కూడా ఇమిడి ఉంటుంది. అందుచేత స్థానిక ద్రవ్యాన్ని ఎన్నుకొనడమే మేలు. క్రెడిట్ కార్డుతో నగదు తీయడం మరింత ఖరీదైన పని. రుసుముతో పాటు తీసిన నాటి నుండే వడ్డీ మొదలవుతుంది. హోటళ్లు బస ముగిసేవరకు కొంత మొత్తాన్ని నిలిపి ఉంచుతాయి. ఆ మేరకు కార్డు పరిమితి తగ్గుతుంది.

రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం 2020 అక్టోబరు నుండి కొత్త కార్డులు స్వదేశీ వినియోగానికే జారీ అవుతున్నాయి. విదేశీ వినియోగాన్ని కార్డుదారుడే కోరి ప్రారంభించుకోవాలి. ఈ సంగతి తెలియక పరదేశంలో చెల్లింపు వేళ నిస్సహాయంగా నిలబడడం ఎంతో ఇబ్బందికరం. విదేశీ వ్యాపారులు పలు సందర్భాలలో ఓటీపీ లేకుండానే సొమ్ము వసూలు చేయగలరు కనుక కార్డు పోయిన క్షణమే బ్యాంకుకు తెలపాలి. బ్యాంకు తప్పుగాని, ఖాతాదారు తప్పుగాని లేని మోసాన్ని, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాలలో తెలిపినవారిపై నష్టభారం ఉండరాదని 2017 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు నిర్దేశించింది. రహస్య సంఖ్యను ఇతరులకు చెప్పినవారు మాత్రం ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టాన్ని తామే భరించాలి.

పొరుగు దేశాలతో మన బంధం ఈ రంగంలోనూ పెరుగుతున్నది. మన రూపే కార్డు 2019లో భూటానులో, 2022లో నేపాలులో అడుగుపెట్టింది. భూటాను ఙుల్ట్రమ్ మన రూపాయికి సమానం. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలనే మారకం 1993 నుండి స్థిరంగా ఉన్నది. అయినా కొండప్రాంతపు గ్రామాలలో నగదే శరణ్యం.

కనుక యాత్రికుడు రెండు కార్డులను వేర్వేరు చోట్ల భద్రపరచుకొని, బ్యాంకు ఫోను సంఖ్యను విడిగా వ్రాసుకొని, కొంత నగదు వెంట ఉంచుకోవాలి. కార్డుతో చేసే ఖర్చు అప్పేనన్న సంగతి మరువరాదు. గడువులోగా పూర్తిగా తీర్చినవారికే అది అక్కరకు వచ్చే నేస్తం.