ముంబయిలో మూడు నెలల బస

చికిత్స నిమిత్తం పరేలులోని టాటా ఆసుపత్రికి వచ్చే మనవారికి వైద్యంతోపాటు ఎదురయ్యే పెద్ద చిక్కు బస. నెలల తరబడి లాడ్జీలో ఉండటం సామాన్య గృహస్థుకు తలకు మించిన భారం. రోగికి పథ్యం వండిపెట్టాలంటే వంటగది ఉన్న చిన్న వాటా వెదకుకోక తప్పదు.

ఇక్కడ ఇటువంటి వాటాలు ఎక్కువగా ‘లీవ్ అండ్ లైసెన్స్’ పద్ధతిమీద ఇస్తారు. “మూడు నెలలకు కాగితం దేనికండీ?” అని యజమాని అంటే తల ఊపకండి. 1999 నాటి మహారాష్ట్ర అద్దె చట్టం 55వ సెక్షను ప్రకారం ఒప్పందం వ్రాతలో ఉండి, రిజిస్టరు కావాలి. రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిదే. చేయించకపోతే, షరతుల విషయంలో వేరు రుజువు లేనంతవరకు అద్దెదారు చెప్పినదే చెల్లుతుంది. యజమానికి జరిమానాగాని, మూడు నెలల వరకు ఖైదుగాని పడవచ్చు.

డిపాజిట్టు ఎంత, తిరిగి ఎన్నాళ్లకిస్తారు, చికిత్స త్వరగా ముగిస్తే ముందే ఖాళీ చేయవచ్చునా అన్నవి కాగితంమీద ఉండాలి. దళారి రుసుమూ ముందే తేల్చుకోండి. లిఫ్టు, నీళ్లువచ్చే వేళలు కళ్లారా చూడండి. వానాకాలమైతే వీధిలో నీరు నిలుస్తుందేమో ఇరుగుపొరుగును అడగండి.

రోగి మంచం ప్రక్కన ఉండవలసిన మనిషి డిపాజిట్టు కోసం గుమ్మాలచుట్టూ తిరగకూడదు గదా!