జవాబుకు ముందు వచ్చు నాలుగు మాటలు

పరీక్షా ఫలితములు వెలువడు ఉదయమున వేలాది విద్యార్థులు ఒకే నిమిషములో తమ సెల్‌ఫోనులలో ఒకే యాప్‌ను తెరతురు. ఆవలినున్న కంప్యూటరు, అనగా సర్వరు, అందరికి ఒక్కసారిగా జవాబు చెప్పలేదు. కొందరికి ‘ఇప్పుడు వీలు కాదు, 120 సెకనుల తరువాత అడుగుము’ అని చెప్పి పంపివేయును. ఈ మాట విద్యార్థి కంటబడదు. అది యాప్‌కు చెప్పిన మాట. యాప్ దానిని చదివినచో రెండు నిమిషములు ఊరకుండి మరల అడుగును. చదువనిచో సెకనుకొకసారి తలుపు తట్టుచునే యుండును. అట్టి ఫోనులు వేలకొలది కూడినప్పుడు సర్వరు తేరుకొనుటకు వ్యవధియే చిక్కదు. తన ఫలితమునకు తన ఫోనే అడ్డు వచ్చుచున్నదని ఆ విద్యార్థి ఎరుగడు.

సర్వరు ఆ మాటను వ్రాసి పంపు చోటునకు హెడర్ అని పేరు.

ఫోనుకు సర్వరుకు నడుమ సంభాషణ హెచ్‌టీటీపీ అను నియమావళి ప్రకారము సాగును. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ దీనిని రూపొందించెను. 1991 నాటి తొలి రూపములో హెడర్లు లేనే లేవు. ఒక పంక్తిలో అడుగుట, పుట రాగానే సంబంధము తెగిపోవుట, అంతే. పంపునది ఒకే రకపు పుట అయినప్పుడు అది ఏమిటో చెప్పవలసిన పని ఏమున్నది? బొమ్మలు, శబ్దములు, పలు రకముల ఫైళ్లు పంపవలసి వచ్చిన తరువాత కవరు లేని జాబుతో పని జరుగలేదు. ఈమెయిలులో అప్పటికే వాడుకలోనున్న పద్ధతిని అరువు తెచ్చుకొనిరి. 1996లో ప్రకటించిన 1.0 రూపములో హెడర్లు కానవచ్చును.

1.1 రూపములో సర్వరు పంపు జవాబును ఉన్నదున్నట్లు చూచినచో మొదటి పంక్తిలో ఒక మూడంకెల సంఖ్య యుండును. 200 అన్నచో సరే అని, 404 అన్నచో అడిగినది లేదని, 503 అన్నచో ప్రస్తుతము వీలు కాదని అర్థము. దాని క్రింద పంక్తికొకటిగా హెడర్లు. ప్రతిదానిలోను ఒక పేరు, రెండు చుక్కలు, ఒక విలువ. పిమ్మట ఒక ఖాళీ పంక్తి. ఆ ఖాళీ పంక్తి దాటిన తరువాతనే అసలు సరుకు మొదలగును. యాప్ వ్రాయువారిలో పలువురు ఈ సరుకును మాత్రమే తీసికొని, పైనున్నదానిని కవరు చించి పారవేసినట్లు పారవేయుదురు.

అట్లు చేయుట వలన తెలుగువారికి కలుగు నష్టము ఒకటి కలదు. ‘కంటెంట్-టైప్’ అను హెడరు వచ్చినది పాఠ్యమా, బొమ్మా అని చెప్పును. పాఠ్యమైనచో ఏ అక్షరపట్టికతో చదువవలెనో కూడ చెప్పగలదు. నేడు విరివిగా వాడుచున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు పట్టును. ‘తెలుగు’ అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలవు. మొత్తము 18 బైట్లు. ప్రతి మూటలోను మొదటి బైటు 224, రెండవది 176 గాని 177 గాని అగును. యాప్ వీనిని పశ్చిమ యూరపు భాషల పట్టికతో చదివినచో 224 స్థానమున తలపై గీతగల ఇంగ్లీషు ‘ఏ’ అక్షరము, 176 స్థానమున డిగ్రీ గుర్తు, 177 స్థానమున కూడిక-తీసివేతల జంట గుర్తు వచ్చును. తెలుగు వార్త తెరువబోయి ఇట్టి గీతల అడవిలో చిక్కుకొన్నవారికి అది ఎట్లు పుట్టినదో ఇప్పుడు తెలియును. అక్షరములు చెడిపోలేదు, చదివిన పట్టిక వేరు. 1999 నాటి నియమముల ప్రకారము, పట్టిక పేరు చెప్పని పాఠ్యమును ఆ యూరపు పట్టికతోనే చదువవలెను. 2014లో ఆ నియమమును తొలగించిరి. అయినను ఆండ్రాయిడ్ ఫోనులకు చెందిన వాలీ అను ప్రోగ్రాము సంపుటి, పేరు లేని సాదా పాఠ్యమును పాత పట్టికతోనే చదువునట్లు వ్రాయబడినది. కాబట్టి పట్టిక పేరును సర్వరు చెప్పవలెను, యాప్ చదువవలెను.

హెడరును చదువబూనిన వారికిని చిక్కులు లేకపోలేదు. హెడరు పేరులో పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము పాటింపరాదని నియమము. తెలుగు లిపిలో ఈ బెడద లేదు గాని ఇంగ్లీషు లిపిలో కలదు. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ-2లో పేర్లన్నియు చిన్నక్షరములతోనే పంపవలెను. పెద్దక్షరముతో మొదలగు పేరును మాత్రమే వెదకునట్లు వ్రాసిన యాప్, సర్వరు కొత్త రూపమునకు మారిన నాడు హెడరును కనుగొనలేకపోవచ్చును. హెడరు వచ్చియే యుండును. యాప్ మాత్రము రాలేదనుకొనును. ఐఫోను ప్రోగ్రాములు వ్రాయు స్విఫ్ట్ భాషలో హెడర్లను మామూలు నిఘంటువుగా మార్చుకొని వెదకువారు ఇందులో పడుట కద్దు. పేరునిచ్చి విలువను అడుగుటకు వేరొక మార్గమును ఆపిల్ సంస్థ 2019లో ఐఓఎస్ 13తో ఇచ్చినది. అందులో అక్షరభేదము అడ్డురాదు.

ఇక ఫలితముల ఉదయమున సర్వరు పంపిన మాట. దాని పేరు ‘రిట్రై-ఆఫ్టర్’, అనగా ఇంత తరువాత మరల అడుగుము అని. దాని విలువ సెకనుల సంఖ్య కావచ్చును, లేదా ఒక తేదీ కావచ్చును. సంఖ్య మాత్రమే వచ్చునని నమ్మి వ్రాసిన యాప్ తేదీ రాగానే తెల్లబోవును. తేదీకి నియమిత రూపము కలదు. నియమగ్రంథములలో ఉదాహరణగా ఇచ్చునది 1994 నవంబరు 6, ఆదివారము, 08:49:37 జీఎంటీ. భారతదేశమున అది మధ్యాహ్నము 2 గంటల 19 నిమిషముల 37 సెకనులు. గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు కలుపవలెను గదా. వారము పేరు, నెల పేరు ఎల్లప్పుడు ఇంగ్లీషులోనే యుండును. ఇక్కడ ఒక విచిత్రము జరుగును. ఫోను భాషను తెలుగుకు మార్చుకొన్నవారి ఫోనులో తేదీ చదువు ప్రోగ్రాము నెల పేరును తెలుగులో వెదకి, కానరాక చేతులెత్తివేయవచ్చును. ప్రోగ్రామరు ఫోను ఇంగ్లీషులో నున్నందున అతనికి ఈ దోషము ఎన్నడును కనబడదు. తెలుగు ఎంచుకొన్న విద్యార్థికే కనబడును! ఫోను భాష ఏదైనను హెడరులోని తేదీని ఇంగ్లీషు పద్ధతిలోనే చదువుమని యాప్‌లో స్పష్టముగా వ్రాయుటయే దీనికి మందు.

ఖర్చు తగ్గించు హెడరు కూడ ఒకటి కలదు. సర్వరు ఒక పుటతోపాటు ‘ఈట్యాగ్’ అను ముద్రను పంపును. యాప్ ఆ ముద్రను దాచుకొని మరుసటిసారి అడుగునప్పుడు తిరిగి చూపినచో, పుట మారనప్పుడు సర్వరు 304 అను సంఖ్యను, కొన్ని హెడర్లను మాత్రమే పంపి ఊరకుండును. సరుకు మరల రాదు, డేటా మిగులును.

బడిలో కంప్యూటరు ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. బ్రౌజరులో ఎఫ్-12 మీటను నొక్కి, నెట్‌వర్క్ అను భాగమును తెరచి, తెలుగు వికీపీడియాలోని ఏదైన పుటను రప్పింపవలెను. జాబితాలో ఆ పుట పేరును నొక్కినచో హెడర్లన్నియు కనబడును. విద్యార్థులు కంటెంట్-టైప్ పంక్తిలో అక్షరపట్టిక పేరును వెదకవలెను. తరువాత ‘డేట్’ పంక్తిలోని కాలమునకు ఐదున్నర గంటలు కలిపి గోడ గడియారముతో సరిచూడవలెను. గడియారము వెనుకబడియుండుట బయటపడినచో దానిని సరిదిద్దు పని ఆ తరగతిదే.